రిపేరుకు రాని గిటారు

రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే పొద్దుటి పాసింజరులో తోమాసు ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడేవాడు. కూర్చోవడానికి చోటు లేక కాదు. కూర్చుంటే పెట్టె ఒళ్ళో పెట్టుకోవాలి. అది ఒళ్ళో ఉన్నంతసేపూ ఎదుటి బల్ల మీదివాళ్ళు మాటలు తగ్గించి, చుట్టలు ఆర్పేసి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని అతని వంక జాలిగా చూసేవాళ్ళు.

పెట్టె చేసింది జకరయ్య అనే వడ్రంగి. జకరయ్యకు చేతనైనవి రెండే: తలుపులు, శవపేటికలు. గిటారు పెట్టుకోవడానికి పెట్టె కావాలని తోమాసు కొలతలిస్తే, తలుపులా చెయ్యడం కుదరక రెండోదానిలా చేసిచ్చాడు. భుజాల దగ్గర వెడల్పు, కాళ్ళ దగ్గర సన్నం, మూతకు నాలుగు ఇత్తడి పిడులు. అలవాటు కొద్దీ మూత మీద శిలువ కూడా చెక్కబోతుంటే తోమాసు చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పటికే నిలువు గీత పడిపోయింది.

ఆ రోజు తలుపు దగ్గర చోటు దొరకలేదు. మే నెల, పెళ్ళిళ్ళ రోజులు. పైగా ఆ శీతాకాలమంతా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో రైళ్ళు ఆగిపోయి అవస్థ పడ్డ జనం, మళ్ళీ ఎప్పుడాగిపోతాయో అన్నట్టు, పనున్నా లేకపోయినా ఎక్కుతున్నారు. తోమాసు తప్పనిసరై కిటికీ పక్కన కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా ఎండుచేపల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. పేరు పేరంటాలు అని ఆమెను పలకరించినవాళ్ళ మాటల్లో తెలిసింది. ఆమె పెట్టె వంక చూసింది. తోమాసు మొహం వంక చూసింది. పల్లికోన దాటేదాకా ఓర్చుకుంది.

"ఎన్నేళ్ళు నాయనా?" అంది మెల్లగా.

తోమాసు మనసులో గిటారే ఉంది. "నా దగ్గరకొచ్చి పన్నెండేళ్ళవుద్దండి" అన్నాడు.

ఆమె నాలుక చప్పరించింది. "ఏం జబ్బు?"

"జబ్బని కాదు. గుర్రుమంటా ఉంటది. గొంతు సరిగ్గా రాదు."

"వైద్యం చేయించలా?"

"ఎందుకు చేయించలేదు. తెనాలి తీసుకెళ్తానే ఉన్నా. ఒకటి బాగైతే ఇంకోటి."

"అంతా అయిపోయాక ఇప్పుడెందుకు మళ్ళీ తెనాలి?"

అప్పుడర్థమైంది తోమాసుకు. "అయ్యో, పిల్లోడు కాదండి. గిటారు. కరెంటుది."

"కరెంటు కొట్టిందా తండ్రీ" అని ఆమె కొంగు తీసి కళ్ళొత్తుకుంది.

ఇక మాటలతో లాభం లేదని తోమాసు మూత ఎత్తి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ మెడలు సాచారు. ఎర్ర తువ్వాలు పరిచిన పెట్టెలో, వెలిసిపోయిన బెల్లం రంగు గిటారు వెల్లకిలా పడుకుని ఉంది. పేరంటాలు చాలాసేపు చూసి, కళ్ళు తుడుచుకోవడం ఆపి, గంప పక్కకు లాక్కుని ముడుచుకు కూర్చుంది. ఇంత ఏడుపు వృథా చేయించినవాడితో తెనాలి దాకా మళ్ళీ మాట్లాడలేదు.

తోమాసు వృత్తి నవారు మంచాలు బిగించడం. నలభై దాటిన మనిషి, పొట్టి, నల్లన, తల ముందుభాగంలో జుట్టు పలచబడి కుంకుడు గింజలా మెరుస్తుండేది. శరీరమంతటికీ కలిపి దేవుడిచ్చిన బలాన్ని చేతివేళ్ళలోనే పెట్టుకున్నాడు. పట్టీ లాగి లాగి ఆ వేళ్ళు కొడవలి పిడుల్లా తేలాయి. మంచం అల్లడం అయ్యాక ఒక పట్టీని చూపుడువేలితో మీటి, చెవి ఒగ్గి వినేవాడు. బాగా బిగిసిన మంచం మోగుతుంది. చాలాకాలం అతనికి తెలిసిన సంగీతం అదొక్కటే.

గిటారు కూడా మంచాల వల్లే వచ్చింది. తెనాలి రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు, ఉద్యోగం చాలించి కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, మంచాలు అమ్మే ముందు నవారు బిగించమని అతన్ని పిలిపించాడు. పని పూర్తయ్యాక దొర పర్సు చూసుకున్నాడు, తోమాసును చూశాడు, గోడకు ఆనించి ఉన్న గిటారును చూశాడు. చేతిలో పెట్టేశాడు. పలకదు అని చెప్పడానికి తన నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూపించాడు. తోమాసు మాత్రం దాన్ని, ఎవరికీ చెప్పొద్దు అనే సైగ అనుకుని, కొన్నాళ్ళు ఇంట్లో కూడా చెప్పకుండా దూలం మీద దాచాడు.

దానికి మాటలు నేర్పింది వెంకయ్య. తెనాలి స్టేషనుకు కొంచెం ఎడంగా, సోడాకొట్టు పక్కన, ఆయన రేడియో రిపేరు కొట్టు ఉండేది. కొట్టంటే గోడలో పెట్టిన బీరువా అంత. వెంకయ్య గిటారు విప్పి, తీగల కింద ఉండే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ కొత్తగా చుట్టాడు. పాత రేడియో ఒకటి పగలదీసి యాంప్లిఫయరు చేశాడు. మొదటిసారి కరెంటు పెట్టి తోమాసు తీగ మీటగానే అందులోంచి విజయవాడ రేడియోవారి ధాన్యం ధరలు వినిపించాయి.

"పలికిందిగా" అన్నాడు వెంకయ్య.

"నేను మీటింది పలకలా."

"రెండోసారికి పలుకుద్ది. కొత్తగా నోరొచ్చినోడు ముందు లోకం మాటలే మాట్లాడతాడు."

ఆ మాటతో మొదలైన తగువు పన్నెండేళ్ళు నడిచింది. ఏడాదికి నాలుగైదుసార్లు ఏదో ఒకటి పాడయ్యేది. తీగలు బిగించే బిరడా విరిగితే వెంకయ్య గోడగడియారం కీ ఒకటి అరగదీసి బిగించాడు. గొంతు తగ్గించే పెంచే మరలు రేడియోవి. మెడ మీద మెట్లు అరిగిపోతే ఇత్తడి ఇస్త్రీపెట్టె పిడి కరిగించి పోసినవి. తీగల పక్కన చెక్క చిట్లితే, వెంకయ్య ఇంట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చి కత్తిరించి అతికించాడు. ఆ పళ్ళెం మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు కూడా వచ్చింది: కోటేశ్వరమ్మ. కోటేశ్వరమ్మ వెంకయ్య భార్య. తోమాసు భార్య దానమ్మ ఆ పేరు చదవగలిగేంతవరకూ చదువుకుంది కాబట్టి, ఈ కోటేశ్వరమ్మ ఎవరు అని మూడు రోజులు అన్నం పెట్టకుండా అడిగింది. చివరకు తోమాసు ఆమెను రైలెక్కించి తెనాలి తీసుకొచ్చి, కోటేశ్వరమ్మ తెల్లజుట్టు చూపించి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ ఆ రోజే స్నేహితులైపోయి, పళ్ళెం పాడుచేసిన మొగుణ్ణీ, దాన్ని మోసుకు తిరుగుతున్న మొగుణ్ణీ కలిపి తిట్టుకున్నారు.

ఆ గిటారుతోనే తోమాసు అంగలకుదురు సింగయ్య గారి ఆర్కెస్ట్రాలో చేరాడు. పెళ్ళిళ్ళలో పాటలు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మంచాలు. ఏ పెళ్ళికి వెళ్ళినా, సరిగ్గా అందరూ నిశ్శబ్దంగా ఉన్న సమయం చూసుకుని గిటారు గుర్రుమనేది. ఒకసారి వేమూరులో తలంబ్రాలు పోసుకుంటుంటే లౌడుస్పీకరులోంచి, "కాండం తొలిచే పురుగు ఈ దశలోనే ప్రవేశిస్తుంది కనుక రైతు సోదరులు జాగ్రత్తపడాలి" అని వినిపించింది. పెళ్ళికొడుకు మేనమామ అది తమనే అన్నారని అలిగి, వంటశాల వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

అదంతా సింగయ్య గారు ఓర్చుకున్నారు. కిందటి వారం కొల్లూరులో జరిగింది మాత్రం ఓర్చుకోలేదు. పాటలు పాడే శేషారత్నం మైకు పట్టుకుని, పల్లవి ఎత్తుకోబోతూ, తోమాసుకు ఏదో చెప్పాలని గిటారు మీద చెయ్యి వేసింది. అంతే. పెదాలకూ వేళ్ళకూ మధ్య ఎక్కడెక్కడ తిరగాలో అక్కడంతా కరెంటు తిరిగింది. ఆమె వేసిన కేకను జనం ఆలాపన అనుకుని చప్పట్లు కొట్టారు. శేషారత్నం భారీ మనిషి. మైకు పక్కన వేసిన సోఫాలో పెళ్ళికూతురి తాతగారు కూర్చుని ఉన్నారు. ఆమె ఆయన ఒళ్ళో పడింది. ఆయన ఇప్పటికీ మంచి హుషారుగానే ఉన్నారట గానీ, ఆమె మాత్రం ఆ గిటారు ఉన్న స్టేజీ ఎక్కనని సింగయ్య గారికి తెగేసి చెప్పింది.

తెనాలిలో రైలు దిగేటప్పటికి సింగయ్య గారు ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నారు. మనిషి గళ్ళ చొక్కా, పౌడరు, మెడలో రుమాలు. చేతిలో అట్టపెట్టె.

"బోసు రోడ్డులో కొట్టువాణ్ణడిగి తెచ్చా. ఇవ్వాళ బాపట్ల పెళ్ళిలో ఇది వాయించు. బాగుంటే పార్టీ తరఫున కొనేస్తా. చవకే. నువ్వు ఆ శవాన్ని మాత్రం బాపట్ల తీసుకురాబాక. బండికింకా గంటుంది, ఎక్కడన్నా దించుకుని రా."

తోమాసు అట్టపెట్టె తెరిచి చూశాడు. లోపల గిటారు మిరపపండు ఎరుపులో ఉంది. తళతళలాడుతోంది. ఎత్తి చూస్తే అప్పడంలా తేలిపోయింది. ఒక చేత్తో శవపేటిక, ఇంకో చేత్తో పెళ్ళికూతురు అన్నట్టు రెండూ పట్టుకుని అతను వెంకయ్య కొట్టుకు నడిచాడు.

వెంకయ్య బల్ల ముందు వంగి కూర్చుని ఉన్నాడు. వెనక అరల్లో రేడియోలు లేని సంగతి, కొత్త గిటారు గొడవలో ఉన్న తోమాసు గమనించలేదు. అరవై దాటిన మనిషి, ఎముకల మీద చొక్కా తగిలించినట్టు ఉంటాడు. ఆయన రెండు కళ్ళకూ పొరలు కమ్మాయన్న సంగతి తెనాలిలో అందరికీ తెలుసు. ఆయనొక్కడికే తెలియనట్టు ఉండేవాడు. ఎవరన్నా ఆపరేషను మాటెత్తితే, చెవులు బాగానే ఉన్నాయి కదా, రేడియోకి కళ్ళెందుకు అనేవాడు.

"బాబాయ్, కొత్తది తెచ్చారు" అన్నాడు తోమాసు, ఇంట్లో చెప్పకూడని తప్పు ఏదో చేసొచ్చినవాడిలా.

వెంకయ్య చెయ్యి చాపాడు. ఎర్ర గిటారును ఒళ్ళో పెట్టుకుని, గేదెను బేరం చేసేవాడిలా తల నుంచి తోక దాకా తడిమాడు. బిరడాలు తిప్పాడు. వెనక పలక మీద గోటితో కొట్టి విన్నాడు. మరలు విప్పి లోపలికి వేలు పెట్టాడు. తోమాసు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఏదో ఒక లోపం చెబుతాడని అతనికి నమ్మకం. ఈ ప్రపంచంలో ఎవరు చేసిన వస్తువునైనా వెంకయ్య పది నిమిషాల్లో పనికిమాలినదిగా తేల్చగలడు.

"బాగుంది" అన్నాడు వెంకయ్య.

"ఏంటి బాబాయ్?"

"బాగుందంటన్నా. ఎర్తు సరిగ్గా వేశాడు. చెక్క నాసిరకం, అయినా నాలుగేళ్ళు నిలబడుద్ది. ఆ పాతదానికి చెయ్యబోయే చాకిరీతో పోలిస్తే ఇది కొనుక్కోటం నయం."

తోమాసుకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో అతనికే తెలియలేదు. "మరి పోయిన తడవ ఏం చెప్పావు? కొత్తవన్నీ గాజుబుడ్లు, దీని చెక్క నీ మనవడికి కూడా ఉంటదన్నావుగా."

"పోయిన తడవ అట్లా అనిపించింది."

"ఇప్పుడేమైంది?"

వెంకయ్య పాత గిటారు పెట్టె దగ్గరకు జరుపుకున్నాడు. "ఇక్కడ పెట్టి పో. దీంట్లో వేద్దామని మంచి అయస్కాంతం ఒకటి దాచిపెట్టా. చుట్ట కొత్తది చుడతా, ఎర్తు తీగ వేస్తా, మెడ నిలబెడతా. చేస్తే ఒక్కసారే అన్నీ చేస్తా."

"అమ్మటానికా, వాయించటానికా?"

"వినటానికి" అన్నాడు వెంకయ్య. "బండి టైమయింది, పో."

తోమాసు మామూలుగా అయితే ఇంకో రెండు మాటలని పోయేవాడు. అలా అనుకోకపోతే వాళ్ళ రిపేరు పూర్తయినట్టు కాదు. కానీ ఆ రోజు సింగయ్య గారు స్టేషనులో కేకలు వేస్తుంటారని గుర్తొచ్చి, ఎర్ర గిటారు చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

బాపట్లలో పెళ్ళి గుడిలో పొద్దున్నే అయిపోయింది. పెళ్ళికూతురి తండ్రి స్కూలు మాస్టారు. ఇంటి ముందు ఇసకలో తాటాకు పందిరి వేయించి, రంగు కాగితాల గొలుసులు కట్టించాడు. అన్నాలు మొదలయ్యేలోపు పాటలు. తబలా శివయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. శేషారత్నం దూరంగా నిలబడి, ఎర్ర గిటారు వంక కొత్త కుక్కను చూసినట్టు చూసింది. తోమాసు దాన్ని నాలుగుసార్లు తట్టి, నాలుకతో కూడా ఒకసారి తాకి, ఏమీ కాలేదని చూపించాక దగ్గరకొచ్చింది.

మొదటి పాట అద్భుతంగా వచ్చింది. గుర్రు లేదు, ధాన్యం ధరలు లేవు. చిక్కు రెండో పాట దగ్గర వచ్చింది. కొత్త తీగలు కొంచెం సాగాయి. తోమాసు బిరడా పట్టుకుని తిప్పాడు. పాత గిటారుకు తీగ వెంట్రుకవాసి బిగియాలంటే ఆ గడియారం కీని రెండు చుట్లు తిప్పాలి, పైగా పళ్ళు బిగబట్టాలి. చేతికి అదే అలవాటు. ఈ కొత్తది ముట్టుకుంటే చాలు బిగిసిపోతోంది. ఒకటి ఎక్కువ బిగిసిందని మిగతావాటిని దానికి సరిపెట్టాడు. శ్రుతి ఒక మెట్టు పైకి పోయింది. శివయ్య సుత్తి తీసుకుని తబలా అంచుల మీద టకటక కొట్టి పైకి తెచ్చుకున్నాడు. శేషారత్నం గొంతు సవరించుకుని పైకెక్కింది.

మూడో పాటకు ఇంకో మెట్టు. నాలుగో పాటకు మరొకటి. తోమాసుకు తెలుస్తూనే ఉంది, కానీ కిందికి దించుదామని తిప్పితే తీగ పూర్తిగా వదులై చాపలా పడిపోతోంది, మళ్ళీ బిగించాల్సి వస్తోంది. శివయ్య పాటకూ పాటకూ మధ్య కంసాలిలా సుత్తితోనే ఉన్నాడు. శేషారత్నం మెడ నరాలు తేలాయి, బొట్టు చెమటకు ముక్కు మీదికి జారింది. చివరి పాటకు ఆమె మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడి పాడింది. పందిరి కింద అరిటాకులు వేస్తున్నవాళ్ళు ఆకులు పట్టుకుని నిలబడిపోయారు. పాట అయ్యాక మాస్టారు లేచి, ఇంత పైస్థాయిలో పాడే మనిషిని బాపట్లలో ఇంతవరకూ వినలేదని, శాలువా లేకపోతే పెళ్ళికొడుక్కి వచ్చిన దుప్పటి తీసి ఆమెకు కప్పాడు.

సింగయ్య గారు ఉబ్బిపోయారు. "చూశావా. సరుకు మారితే పాటే మారిపోయింది. రేపే కొట్టుకెళ్ళి ఖాయం చేస్తా."

శేషారత్నం గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా, "తోమాసన్నా, పెదాలు మండలేదు, అదే పదివేలు. ఆ పాతదాన్ని ఇంక తేబాకు" అంది.

అందరూ సంతోషంగా ఉన్నారు. తోమాసు కోడికూర అన్నం ముందు కూర్చుని, తన సంతోషానికి ఏది అడ్డం తగిలిందో వెతుక్కున్నాడు. గిటారు మంచిది. అబద్ధం ఆడలేడు. చేతికి రెండు పెళ్ళిళ్ళలో అలవాటైపోతుంది. కొనేది సింగయ్య గారు. పాడవదు. పాడైతే కదా వెంకయ్య కొట్టుకు వెళ్ళేది.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

పాడవకుండా ఆ కొట్టుకు వెళ్ళడం ఎలా? వెళ్ళి ఏం చెయ్యాలి? ఊరికే వచ్చాను బాబాయ్ అని ఎప్పుడూ వెళ్ళలేదు. వెళితే వెంకయ్య, ఏంటి, పనేం లేదా అంటాడు. పన్నెండేళ్ళుగా తెనాలిలో రైలు దిగగానే కాళ్ళు ఆ వైపు నడిచాయి. చెక్క చిట్లిందనో, తీగ గీరుతోందనో ఒక సాకు చేతిలో ఉండేది. వెంకయ్య తిడుతూ విప్పేవాడు, ఇతను ఎదురు చెబుతూ కూర్చునేవాడు, ఇద్దరూ పక్క కొట్టు రత్తాలు ఇచ్చిన సోడా తాగేవాళ్ళు. తోమాసుకు నాలుగు మంచి మాటలు మాట్లాడుకునే మనుషులు ఊళ్ళో చాలామందే ఉన్నారు. తిట్టుకునే మనిషి ఆయనొక్కడే.

సాయంత్రం బండిలో సింగయ్య గారు, శేషారత్నం, శివయ్య ఎవరి కునుకులో వాళ్ళున్నారు. తోమాసు ఎర్ర గిటారు బయటకు తీసి, దానికి ఏదన్నా లోపం దొరుకుతుందేమోనని చూడడం మొదలుపెట్టాడు. సంబంధం తప్పించుకోవాలనుకునే పెళ్ళికొడుకు తల్లిలా పైనుంచి కిందిదాకా చూశాడు. ఎత్తి ఊపాడు. చెవికి ఆనించాడు. ఎక్కడా ఏమీ లేదు. నిడుబ్రోలులో బండి ఆగింది. అవతలి ప్లాట్‌ఫారం మీదికి తెనాలి వైపు నుంచి వచ్చిన పాసింజరు వచ్చి నిలబడింది. జనం అరుపులు, సోడాల చప్పుడు. తోమాసు అటు వీపు పెట్టుకుని, జేబులోంచి పది పైసల బిళ్ళ తీసి, సింగయ్య గారు నిద్రపోతున్నారని రూఢి చేసుకుని, గిటారు వెనక పలక మీది మరను మెల్లగా వదులు చేశాడు. ఊపి చూశాడు. లోపల సన్నగా గలగలమంది.

అప్పటికి అతని మనసు కుదుటపడింది. అట్టపెట్టెలో సర్దేసి, తెనాలి వచ్చేదాకా హాయిగా నిద్రపోయాడు.

స్టేషనులో సింగయ్య గారి దగ్గర సెలవు తీసుకుని, రేపల్లె బండికి ఇంకా వేళ ఉండగానే కొట్టు దగ్గరకు చేరాడు. ఎండ తగ్గి, వీధిలో నీళ్ళు చల్లుతున్నారు. వెంకయ్య కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. బాబాయి టీకి వెళ్ళుంటాడని సోడాకొట్టు అరుగు మీద కూర్చున్నాడు. రత్తాలు సీసా కొట్టి ఇచ్చింది. అడక్కుండానే ఇవ్వడం అలవాటే. పక్కన వచ్చి కూర్చోవడం మాత్రం అలవాటు లేదు.

"ఎల్లిపోయారు తోమాసూ" అంది.

"ఎక్కడికి?"

"కర్లపాలెం. కోటేశ్వరమ్మ వదిన పుట్టినూరు. అక్కడ వాళ్ళ తమ్ముడుగారి పెరట్లో రెండు గదులున్నాయంట. కళ్ళు బొత్తిగా కనపట్టం లేదుగా. మొన్న వదిననే ఎవరమ్మా నువ్వు అనడిగాడంట. కొట్టు ఖాళీ చేసి రేడియోలన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాడు వారం నుంచీ. నీకు చెప్పలేదా?"

"ఎప్పుడు పోయారు?"

"మధ్యాన్నం బండికెళ్దామన్నారు. నీ పని కాలేదని ఆ బండి ఒదిలేసి, తర్వాత బండికెళ్ళారు. వదిన ట్రంకుపెట్టె మీద కూచుని తిడతానే ఉంది."

అదే బండి. నిడుబ్రోలులో అవతల ఆగి ఉన్న బండి. తోమాసు సోడా పక్కన పెట్టాడు. పొద్దున వాదించకుండా పరుగెత్తినందుకు అతనికి ఇప్పుడు కాళ్ళ మీద కోపం వచ్చింది.

"ఏమన్నాడు?" అన్నాడు.

"ఏవంటాడు. పొద్దున్నుంచీ తడుముకుంటా అదే పని. చెయ్యి కాల్చుకున్నాడు రెండుసార్లు. మా కొట్టు కరెంటులోంచి తీగ లాగి, తన యాంప్లిఫయరికే తగిలించి వాయించి చూశాడు. ఆయనకేం వచ్చు వాయించటం? టింగుమని ఒకటే తీగ, పదిసార్లు. గుర్రు లేదు. చెయ్యి తడి చేసుకుని పట్టుకున్నాడు, షాకూ లేదు. అప్పుడు, ఇంక ఇది ఎవరి దగ్గరకీ రిపేరుకి రాదే రత్తాలూ అన్నాడు. నవ్వాడో ఏంటో తెలవలా."

లోపలికి వెళ్ళి ఆమె పెట్టె మోసుకొచ్చి అరుగు మీద పెట్టింది. తోమాసు మూత తెరిచాడు. మెడ తిన్నగా నిలబడి ఉంది. గడియారం కీ పోయి, ఆరు బిరడాలూ ఒకే రకానివి, నూనె పెట్టినవి. కోటేశ్వరమ్మ పళ్ళెం తోమి తెల్లగా చేశాడు. తోమాసు చూపుడువేలితో ఒక తీగ మీటి, చెవి చెక్కకు ఆనించాడు. కరెంటు లేకుండా కూడా అది చాలాసేపు పలికింది. తరవాత తానే ఆగింది.

"రెండేం చేసుకుంటావు?" అంది రత్తాలు.

"ఎర్రది సింగయ్య గారిది. పెళ్ళిళ్ళకి అదే. ఇది నాది, గుళ్ళోకి, ఇంట్లోకి." పెట్టె మూత వేసి, "ఆదివారం కర్లపాలెం పోతా" అన్నాడు.

"రిపేరుకా?"

"ఊరికే" అన్నాడు తోమాసు. ఆ మాట అతని నోటికి కొత్తగా ఉంది. ఇంకోసారి అని చూసుకున్నాడు. "ఊరికే పోయొస్తా. ఎదురుబండిలో ఉండి కూడా పలకరించలేదని తిట్టాలి గదా."

పది పైసల బిళ్ళ తీసి, ఎర్ర గిటారు వెనక మరను తానే బిగించుకున్నాడు. రేపల్లె బండి కూత వినిపించింది. ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో అట్టపెట్టె ఎత్తుకుని లేచి, వెళ్ళబోతూ కొట్టు వంక చూశాడు. రత్తాలు కూడా అటే చూసింది.

"ఆ పలక తీసేద్దామనుకున్నా. వదిన కూడా గుర్తు చేసింది. ఆయనే, ఉండనియ్యి, దానికి తొందరేముంది అన్నాడు" అంది.

వేసి ఉన్న తాళం కప్ప పైన, మేకుకు తగిలించిన తగరపు పలక ఒకటి సాయంత్రం గాలికి తలుపు మీద అటూ ఇటూ కదులుతోంది. దాని మీద వెంకయ్య ఎప్పుడో తెల్ల రంగుతో రాసుకున్న అక్షరాలు: ఇప్పుడే వస్తాను, కూర్చోండి.